మొదటి బహుమతి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు ఆ రెంటిలో ఇల్లునే ముందెందుకు పెట్టారో మా ఇల్లు కట్టినప్పుడు తెలిసింది. పెళ్ళి ఎన్ని అవాంతరాలొచ్చినా ముహూర్తానికి ఎలాగో అయిపోతుంది. ఇంటికి ఆ భాగ్యం లేదు. మేస్త్రీ కాగితం మీద వేసిన లెక్క ఒకటి, పునాదులు లేచేసరికి ఒకటి, స్లాబు పడేసరికి మరొకటి. గృహప్రవేశం నాటికి నా గాజులు బ్యాంకులో ఉన్నాయి. "అంచనా వేసినప్పుడే రెట్టింపు అనుకోవాలమ్మా, ఇంత చదువుకున్నదానివి ఆ మాత్రం తెలియదూ?" అని మా అత్తగారు నన్నే కోప్పడ్డారు.

ఇంగ్లండులో ఒక ఊరి కౌన్సిలు వాళ్ళు సుమారు 42,000 పౌన్లకి కంట్రాక్టు ఇచ్చి మొదలుపెట్టిన టౌన్ హాలు లక్షా ఇరవై రెండు వేలకి తేలిందని ఆ రోజున ఎవరైనా చెప్పి ఉంటే నాకెంత ఊరటగా ఉండేదో! ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ హాలు కట్టిన మనిషి సంగతి మరీ ఆలస్యంగా తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచీ ఆయన నా మనసులోంచి పోవడం లేదు.

మా చెల్లెలు కొన్నాళ్ళు లీడ్స్‌లో ఉండేది. పదేళ్ళ క్రితం ఒక వేసవిలో నెల్లాళ్ళు దాని దగ్గర గడిపాను. మొదటి రోజే ఊళ్ళోకి తీసుకెళ్ళి, హెడ్‌రో అనే పెద్ద వీధిలో బస్సు దింపి, "అదుగో, మా టౌన్ హాలు" అంది, తనే కట్టించినట్టు. నేను తల ఎత్తి అలాగే నిలబడిపోయాను. ఎత్తయిన మెట్లు, మెట్ల కిరుపక్కలా రాతి సింహాలు, భవనం చుట్టూ బారులు తీరిన పెద్ద పెద్ద స్తంభాలు, అన్నిటి మీదా గడియారంతో, గుమ్మటంతో 225 అడుగుల టవరు. పక్కనున్న అద్దాల మేడలు దాని ముందు నిన్న మొన్న వచ్చిన కోడళ్ళలా ఒద్దికగా నిలబడ్డాయి.

"అర్ధరాత్రి ఈ గడియారం పన్నెండు బదులు పదమూడు గంటలు కొడితే ఈ సింహాలు లేచి ఊరు చుట్టి వస్తాయట" అంది చెల్లెలు.

"కట్టిందెవరే?"

"విక్టోరియా రాణి."

"రాణి ఇటుకలు మోసిందా? ప్లాను గీసిందెవరు అంటున్నాను."

అది కాసేపు ఆలోచించి, "బ్రాడ్రిక్ అనుకుంటానక్కా. ఈ వెనకాల ఆయన పేరుతో ఒక పబ్బుంది" అంది.

ఊరికి ముఖం దిద్దిన మనిషి ఆ ఊళ్ళో పబ్బు పేరుగా మిగిలాడన్నమాట! ఆ నెల్లాళ్ళూ చెల్లెలు ఉద్యోగానికి వెళ్ళగానే నేను లైబ్రరీకి వెళ్ళేదాన్ని. అలా పరిచయమయ్యాడు కత్‌బర్ట్ బ్రాడ్రిక్.

ఆయన 1821లో హల్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. తండ్రి కలిగినవాడు, ఓడల వర్తకుడు. అన్నలు చాలామంది ఉన్న ఇల్లు. ఇతనికి మాత్రం ఓడల మీద కాక గీతల మీద మనసు పోయింది. ఆ రోజుల్లో ఆర్కిటెక్టు కావాలంటే ఇప్పటిలా కాలేజీలో సీటు సంపాదించడం కాదు. తండ్రి కొంత రుసుము చెల్లించి కుర్రవాణ్ణి ఒక ఆర్కిటెక్టు దగ్గర ఒప్పందం మీద పెట్టేవాడు. అచ్చం మన గురుకులమే. కుర్రవాడు కొన్నేళ్ళు గురువుగారి గీతలకి నకళ్ళు తీస్తూ, స్తంభాల కొలతలు కంఠస్థం చేస్తూ, కట్టుబడి దగ్గర బురదలో నిలబడి పని నేర్చుకోవాలి.

ఇందులో మోసాలూ ఉండేవి. నేను బి.ఏ.లో ఉండగా డికెన్స్ రాసిన 'మార్టిన్ చజిల్‌విట్' చదివాను. అందులో పెక్‌స్నిఫ్ అని ఒక పల్లెటూరి ఆర్కిటెక్టు ఉంటాడు. నోటి నిండా నీతులు. శిష్యుల దగ్గర రుసుము పుచ్చుకోవడం తప్ప నేర్పేదేమీ ఉండదు. శిష్యుడు గీసిన బడి ప్లానుని తనదని చెప్పుకుని శంకుస్థాపనలో పెద్దమనిషిలా నిలబడతాడు. డికెన్స్ ఆ నవల విడతలుగా వేస్తున్న 1843, 44 సంవత్సరాలలోనే మన బ్రాడ్రిక్ శిష్యరికం ముగింపుకొచ్చింది. అయితే ఇతని అదృష్టం, గురువు పెక్‌స్నిఫ్ లాంటివాడు కాదు. హెన్రీ లాక్‌వుడ్ అని, శిష్యుడి కంటే పదేళ్ళు పెద్ద, అంతే. చేతిలో నిజమైన పనులున్నవాడు. 1837 నుంచి ఏడేళ్ళు బ్రాడ్రిక్ ఆయన దగ్గర పనిచేశాడు.

చదువు ముగిశాక ఇరవై మూడేళ్ళ కుర్రవాడు ఫ్రాన్సు, ఇటలీ దేశాలు తిరిగాడు. సుమారు ఏడాదిపాటు రోము దాకా వెళ్ళి, కనిపించిన గుడీ మేడా గీసుకున్నాడు. ఫ్రాన్సు మీద అప్పుడు పుట్టిన ఇష్టం జన్మంతా పోలేదు. ఆ మాట గుర్తుంచుకోండి, తరువాత అవసరమవుతుంది. తిరిగి రాగానే గురువు పిలిచి "నాతో భాగస్తుడిగా చేరు" అన్నాడు. ఏ తండ్రయినా ఎగిరి గంతేసే అవకాశం. బ్రాడ్రిక్ వద్దని, సొంతంగా హల్‌లోనే ఒక ఆఫీసు తెరిచాడు. కొన్నాళ్ళకి గురువు లాక్‌వుడ్ బ్రాడ్‌ఫర్డ్ అనే ఉన్ని మిల్లుల ఊరికి మకాం మార్చి, మాసన్ అనే ఇంకొకాయనతో కలిసి పని పెట్టాడు.

ఇక లీడ్స్ సంగతికి రావాలి. 1851 నాటికి అది లక్షా డెబ్బై వేలు దాటిన జనం ఉన్న ఊరు. ఉన్ని బట్టలు, నార మిల్లులు, యంత్రాల కర్మాగారాలు. డబ్బు బాగా ఉంది, ఊరు మాత్రం మసి గొట్టం. ఆరేసిన తెల్లగుడ్డ సాయంత్రానికి బూడిద రంగుకి తిరిగేది. 1849లో కలరా వచ్చి రెండు వేలమందికి పైగా పోయారు. మురుగు కాలువల పని అప్పుడప్పుడే మొదలైంది. అలాంటి ఊళ్ళో పెద్దలు కూర్చుని "మనకొక టౌన్ హాలు కావాలి" అనుకున్నారు. అందుకు అసలు కారణం పక్కింటివాళ్ళు. పది మైళ్ళ దూరంలో ఉన్న బ్రాడ్‌ఫర్డ్‌లో సెయింట్ జార్జ్ హాలు అని ఒక గొప్ప సభాభవనం లేస్తోంది. కడుతున్నది ఎవరనుకున్నారు? లాక్‌వుడ్, మాసన్‌లే. పక్కింట్లో కొత్త ఫ్రిజ్ దిగితే మన వంటింటి గోడలకి సున్నం గుర్తుకొచ్చినట్టు, లీడ్స్‌కి తన లోటు తెలిసొచ్చింది.

1852లో పోటీ ప్రకటించారు. మొదటి బహుమతి 200 పౌన్లు. న్యాయనిర్ణేత సర్ చార్లెస్ బారీ, లండన్‌లో పార్లమెంటు భవనం కడుతున్న మహానుభావుడు. పదహారు ప్లానులొచ్చాయి. మొదటి బహుమతి ముప్పై దాటీ దాటని, పెద్ద పేరు లేని, హల్ నుంచి వచ్చిన బ్రాడ్రిక్‌కి. రెండవ బహుమతి లాక్‌వుడ్, మాసన్‌లకి. శిష్యుడు గెలిచాడు, గురువు తరువాతి స్థానంలో నిలబడ్డాడు.

శిష్యుడి చేతిలో ఓడిపోవడం గురువుకి గెలుపేనని మనవాళ్ళు అంటారు. చెప్పడం తేలికే. ఆ ఉత్తరం అందిన రోజు లాక్‌వుడ్ ఇంట్లో రాత్రి భోజనాలు ఎలా జరిగాయోనని నేను నవలలు రాసేదాన్ని కనుక ఊహించుకుంటాను.

లీడ్స్ కౌన్సిలర్లకి భయం పట్టుకుంది. ఈ పసివాడి చేతిలో ఇంత డబ్బు పోయవచ్చునా? నమ్మవచ్చునని బారీ హామీ ఇచ్చాడు. 1853 ఆగస్టు 17న పునాదిరాయి పడింది. అక్కడి నుంచి మొదలైంది అసలు కథ, మనందరికీ తెలిసిన కథ.

గొడవంతా టవరు దగ్గర. మొదటి ప్లానులో అది లేదు. తరువాత బ్రాడ్రిక్ గీసి చూపించాడు. కౌన్సిలు రెండు వర్గాలయింది. ఒక వర్గం చిల్లర వ్యాపారస్తులు, పన్ను కట్టేవాళ్ళు. "టవరులో ఎవరు కాపురముంటారు? దానివల్ల ఊరికి ఉపయోగమేమిటి?" అని వాళ్ళ ప్రశ్న. రెండవ వర్గం తరఫున గట్టిగా నిలబడినవాడు డాక్టర్ హీటన్. ఆ ఊరి ఆసుపత్రి వైద్యుడు. జబ్బులూ మురికీ ఆయనకి తెలిసినంతగా ఆ కౌన్సిలర్లలో చాలామందికి తెలియవు. అలాంటివాడు టవరు కావాలన్నాడు. పొద్దస్తమానం డబ్బు లెక్కలోనే మునిగిన ఊరికి కళ్ళెత్తి చూడదగ్గది ఒకటి ఉండాలనీ, అందమైన కట్టడం ఉంటే మనుషుల నడతలోనూ ఆ అందం కొంత దిగుతుందనీ ఆయన వాదన. బారీ కూడా టవరు ఉండాల్సిందేనన్నాడు. ఒకసారి వద్దనీ మరోసారి చూద్దామనీ నాన్చి నాన్చి, చివరికి 1856లో సరేనన్నారు.

ఈ తగువు చదువుతుంటే నాకు మా ఇంటి పోర్టికో గుర్తొచ్చింది. కారు లేనివాళ్ళకి పోర్టికో ఎందుకని మావారు, వాన పడితే చుట్టాలు తడవకుండా లోపలికి రావద్దా అని నేను. నిజానికి నా మనసులో ఉన్నది చుట్టాలు కాదు. వీధిలోంచి చూస్తే ఇల్లు నిండుగా కనపడాలని. ఆ మాట పైకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. డాక్టర్ హీటన్‌కి ఉంది, అందుకే ఆయనంటే నాకు గౌరవం.

అయితే దీనికి ఇంకో ముఖముంది. టవరు బరువుకి ఎవరో ఒకరు కింద నలగాలి కదా. కంట్రాక్టరు శామ్యూల్ అటాక్ తక్కువ రేటుకి పని ఒప్పుకున్నాడు. ఈలోగా క్రిమియా యుద్ధం వచ్చింది, కూలీలు దొరకలేదు, ధరలు పెరిగాయి. బ్రాడ్రిక్ చూస్తే ఒక్క రాయి దగ్గర కూడా రాజీపడే రకం కాదు. 1857లో అటాక్ దివాలా తీశాడు. ఊరు ఆగలేదు, వేరేవాళ్ళు పని ముగించారు. ఎవరి పేరూ లేని పబ్బులు చాలా ఉంటాయి, అటాక్ పేరుతో ఒకటి ఉంటే బాగుండునని నాకనిపించింది.

1858 సెప్టెంబరు 7న విక్టోరియా రాణి వచ్చి హాలు తెరిచింది. ఊరు ఊరంతా తోరణాలు. ముందు రోజు రాత్రి రాణి మేయరు పీటర్ ఫెయిర్‌బెర్న్ ఇంట్లో బస చేసింది. మేయరుగారు అక్కడికక్కడే 'సర్' అయిపోయారు. టవరులోకి గడియారం, గంట ఆ తరువాతే ఎక్కాయి. గృహప్రవేశం నాటికి కిటికీలకి తలుపులు లేని ఇళ్ళు మనం చూడలేదూ?

ఇక బ్రాడ్రిక్ దశ తిరిగింది. లీడ్స్‌లోనే 1861, 63 మధ్య కార్న్ ఎక్స్‌చేంజ్ కట్టాడు, అంటే ధాన్యం బేరగాళ్ళ బజారు. నన్నడిగితే టౌన్ హాలు కంటే అదే ఒక మెట్టు ఎక్కువ. కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. బయట గోడల మీది రాళ్ళన్నీ వజ్రాల్లా కోసుగా చెక్కి ఉంటాయి. లోపలికి అడుగుపెడితే చుట్టూ రెండంతస్తుల గదులు, మధ్యలో ఒక్క స్తంభం కూడా లేని విశాలమైన నేల, పైన పెద్ద గుమ్మటం. దాని ఉత్తరం వైపు భాగానికి అద్దాలు పెట్టించాడు. ఎందుకో మనలాంటివాళ్ళకి చెప్పనక్కర్లేదు. షాపులో చీర రంగు మీద అనుమానమొస్తే మనం దాన్ని గుమ్మం బయటికి పట్టుకొచ్చి వెలుతుర్లో చూస్తాం. బియ్యం మంచివో కావో దోసిట్లో పోసుకుని వాకిట్లోకి వస్తాం. ధాన్యం వర్తకుడికీ అంతే. నేరుగా పడే ఎండలో గింజ మెరిసి మోసం చేస్తుంది, చీకట్లో అసలే తెలియదు. ఉత్తరపు వెలుతురు రోజంతా నిలకడగా ఉంటుంది. గింజ నిజం గింజగా కనిపిస్తుంది. ఒక మనిషి పనిని అంత దగ్గరగా ఆలోచించి కట్టిన కట్టడం అది. 1990 నుంచి అందులో చిన్న చిన్న షాపులున్నాయి. నేను అక్కడ ఒక ఉన్ని శాలువా కొని, పాత బేరగాళ్ళలాగే తల పైకెత్తి అద్దాల కింద దాన్ని తిప్పి తిప్పి చూశాను.

ఆ వెనకే పనివాళ్ళు సాయంత్రాలు చదువుకునే మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ 1865లో మొదలుపెట్టి 1868కి ముగించాడు. 2008 నుంచి అది ఆ ఊరి మ్యూజియం. తన సొంత ఊరు హల్‌కి కూడా ఒక టౌన్ హాలు కట్టాడు. ఇక స్కార్‌బరో అనే సముద్రపుటూళ్ళో, కొండ అంచున, గ్రాండ్ హోటలు. ఇది 1867లో తెరిచారు. ఆ లెక్క వింటే మన పంచాంగం గుర్తొస్తుంది. ఋతువులకి గుర్తుగా నాలుగు టవర్లు, నెలలకి పన్నెండు అంతస్తులు, వారాలకి యాభై రెండు పొగగొట్టాలు, రోజులకి 365 పడకగదులు. కట్టడానికి అరవై లక్షల ఇటుకలు పట్టాయట. స్నానాల గదుల్లో మామూలు నీళ్ళ కుళాయిలు కాక సముద్రపు నీళ్ళకి వేరే కుళాయిలు కూడా ఉండేవి.

చెల్లెలితో రైలెక్కి వెళ్ళి ఆ హోటలు చూశాను. పసుపు ఇటుకల కోట అది. అంత ఆడంబరంలోనూ నన్ను నిలబెట్టినది గోడ మీదున్న చిన్న పలక. ఆ స్థలంలో అంతకు ముందున్న ఒక బసలో 1849 మే 28న ఆన్ బ్రాంటే కన్నుమూసింది. ముగ్గురు అక్కచెల్లెళ్ళలో చిన్నది. ఇద్దరక్కల పేర్లు చెప్పాక గుర్తొచ్చే మూడో పేరు. సముద్రపు గాలికి క్షయ తగ్గుతుందేమోనన్న ఆశతో వచ్చి, మూడు రోజులకే వెళ్ళిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ళు. 365 గదుల హోటలులో నేను దణ్ణం పెట్టుకున్నది ఆ లేని గదికి.

ఇన్ని కట్టినవాడికి ఇంకేం లోటు అంటారా? ఆయన లండన్ గెలవలేకపోయాడు. 1857లో ప్రభుత్వ కార్యాలయాల కోసం జరిగిన పెద్ద పోటీకి ప్లానులు పంపాడు, పని దక్కలేదు. 1866లో నేషనల్ గ్యాలరీకి ఆహ్వానించిన కొద్దిమందిలో ఆయనా ఉన్నాడు. స్తంభాలు బారులు తీర్చి గొప్పగా గీశాడు. చివరికి ఆ పని ఎడ్వర్డ్ బారీకి వెళ్ళింది. ఒకప్పుడు బ్రాడ్రిక్‌ని చేయిపట్టి నిలబెట్టిన సర్ చార్లెస్ బారీ కొడుకు! ఇతర ఊళ్ళ పోటీల్లోనూ అలాగే జరుగుతూ వచ్చింది. పోటీకి ఒక ప్లాను పంపడమంటే నెలల తరబడి పని, సహాయకుల జీతాలు, ఎత్తుకెత్తు కాగితాలు. గెలవకపోతే అవన్నీ చుట్టచుట్టి ఇంటికి తిరిగొస్తాయి. తిరుగు టపాకి బిళ్ళలు జతచేసి కథలు పంపిన మా పెద్దతరం రచయిత్రులకి ఆ చుట్టల బరువు ఎంతో తెలుసు.

1870లో, నలభై ఎనిమిదో ఏట, బ్రాడ్రిక్ అన్నీ వదిలేసి ఫ్రాన్సు వెళ్ళిపోయాడు. ప్యారిస్ దగ్గర వెసినె అనే ఊళ్ళో కాపురముండి, బొమ్మలు వేసుకుంటూ, తోట పెంచుకుంటూ గడిపాడు. ముసలితనంలో జెర్సీ దీవికి వచ్చి 1905లో పోయాడు. ఎనభై మూడేళ్ళు బతికాడు. చివరి ముప్పై అయిదేళ్ళలో ఆయన పేరు చెప్పుకునే భవనం ఒక్కటీ లేవలేదు. ఒక ముఖ్యమైన మాట మరిచాను. ఆయన తొలినాళ్ళలో హల్‌లో కట్టిన రాయల్ ఇన్‌స్టిట్యూషన్ 1943లో బాంబుదాడిలో పోయింది. లీడ్స్‌లో కట్టిన స్నానశాలలు 1969లో పడగొట్టారు. హల్ టౌన్ హాలుని ఆయన పోయిన కొద్ది సంవత్సరాలకే తీసేసి, దాని నెత్తిన ఉన్న చిన్న గుమ్మటాన్ని మాత్రం పియర్సన్ పార్కులో నేల మీద దింపారు. ఇప్పుడు దాన్ని పిల్లలు చేత్తో తాకవచ్చు.

మరి రెండో బహుమతి వచ్చిన గురువుగారి సంగతి? లాక్‌వుడ్‌కి తీరికే లేకపోయింది. టైటస్ సాల్ట్ అనే మిల్లు యజమాని బ్రాడ్‌ఫర్డ్ పొగ నుంచి దూరంగా మిల్లూ, పనివాళ్ళకి ఒక ఊరూ కట్టించదలిచి ఆయన్నే పిలిచాడు. సాల్టెయిర్ అని, ఎనిమిది వందలకు పైగా ఇళ్ళు. ప్రతి ఇంటికీ నీళ్ళు, గ్యాసు, పెరట్లో మరుగుదొడ్డి. వీధిలో బట్టలారేస్తే సాల్ట్‌గారికి గిట్టదు కనుక ఉతుక్కోవడానికి వేరే ఒక శాల. బడి, చర్చి, ఆసుపత్రి. ఒక వీధికి లాక్‌వుడ్ పేరు, ఒక వీధికి మాసన్ పేరు. 2001లో యునెస్కో ఆ ఊరినంతటినీ ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. లాక్‌వుడ్ 1878లో పోయేదాకా పని చేస్తూనే ఉన్నాడు.

ఇంత దూరం ఈ కథ ఎందుకు మోసుకొచ్చానో ఇప్పుడు చెప్పాలి. ఇరవై నాలుగో ఏట నా మొదటి నవలకి ఒక వారపత్రిక పోటీలో మొదటి బహుమతి వచ్చింది. ఆ తరువాత పదకొండు నవలలు రాశాను. ఇప్పటికీ ఏ సభలో పరిచయం చేసినా ఆ మొదటి నవల పేరే చెబుతారు. చెబుతున్నప్పుడు నవ్వుతూ తల వంచుతాను. లోపల మాత్రం ఎవరో "ఆ తరువాత?" అని అడుగుతున్నట్టుంటుంది. రెండేళ్ళుగా నేను కొత్తది మొదలుపెట్టలేదు. మొక్కలకి నీళ్ళు పోస్తాను, పిల్లల చదువులు చూస్తాను. "కొత్త నవల ఎప్పుడండీ?" అని ఎవరైనా అడిగితే తప్పు చేసినదానిలా ఏదో నసుగుతాను.

అందుకే బ్రాడ్రిక్ కథ మొదట చదివినప్పుడు ఆయన మీద కోపమొచ్చింది. ఓడిపోయి పారిపోయాడనుకున్నాను. కార్న్ ఎక్స్‌చేంజ్ కట్టిన చేతులు తోటలో పాదులు తీయడమేమిటి! ఆ తరువాత మెల్లిగా ఇంకొకటి తోచింది. తన చేతిలోంచి రావలసినవి వచ్చేశాయని మనిషికి తెలియడం కూడా ఒక తెలివేనేమో. ఆయన ఇష్టంగా వెళ్ళాడు, ఇరవై మూడేళ్ళ వయసులో మనసు పారేసుకున్న దేశానికే వెళ్ళాడు. అంతకంటే చిన్న పనులతో, పాత గెలుపు నీడలో, అదే ఊళ్ళో ముసలివాడు కావడం ఆయనకి ఇష్టం లేకపోయి ఉండవచ్చు. అలా అనుకుంటే నా మొక్కల దగ్గర నాకు కొంచెం శాంతిగా ఉంటుంది. అంతలోనే లాక్‌వుడ్ గుర్తొస్తాడు. రెండో బహుమతి పుచ్చుకుని, మర్నాడు మళ్ళీ బల్ల ముందు కూర్చుని, ఎనిమిది వందల ఇళ్ళకి కుళాయిలు ఎక్కడ రావాలో గీసినవాడు. ఒక్కొక్క రోజు నేను శిష్యుడి పక్షం, ఒక్కొక్క రోజు గురువు పక్షం. ఇంకా తేల్చుకోలేదు.

పోయినసారి ఫోనులో చెల్లెలు ఒక కబురు చెప్పింది. అది ఇప్పుడు లీడ్స్‌లో లేదు, కానీ ఆ ఊరి సంగతులు దానికి అందుతూనే ఉంటాయి. లీడ్స్‌లో 1963 నుంచి పియానో పోటీలు జరుగుతున్నాయి, ఫానీ వాటర్‌మన్ అనే పియానో పంతులమ్మ మొదలుపెట్టించినవి. ప్రపంచం నలుమూలల నుంచి పిల్లలొస్తారు. చివరి పోటీలకి వేదిక బ్రాడ్రిక్ కట్టిన టౌన్ హాలే. 2024లో మాత్రం హాలు మరమ్మతుల కోసం మూసి ఉంది. అందుకని ఆ ఏడు చివరి పోటీలు పక్క ఊరు బ్రాడ్‌ఫర్డ్‌లో జరిపారు. ఎక్కడో చెప్పనా? సెయింట్ జార్జ్ హాల్లో.

లీడ్స్ పంతం పట్టి దాటిపోవాలనుకున్న హాలు అది. నూట డెబ్బై ఏళ్ళ తరువాత శిష్యుడి ఇంటికి రిపేర్లు వస్తే, వచ్చిన అతిథులకి గురువుగారు తన ఇంట్లో విడిది ఇచ్చారన్నమాట.

"ఎవరికొచ్చిందే మొదటి బహుమతి?" అని అడగబోయి, ఊరుకున్నాను. "రెండోది ఎవరికొచ్చింది?" అని అడిగాను. చెల్లెలికి తెలియదు. కనుక్కుని చెబుతానంది.